ఊళ్ళో పెద్దవాళ్ళ కోసం హోమ్ కట్టాలంటే: ఇంటింటి సర్వే నుంచి తొలి అడ్మిషన్ దాకా

శ్లాబుకి చందాలొస్తాయి, జీతాలకి రావు. పెద్దవాళ్ళ కోసం ఊళ్ళో ఒక హోమ్ కడదామని రామాలయం అరుగు మీదో వాట్సాప్ గ్రూపులోనో మాట మొదలైన రోజే ఈ సంగతి అందరి బుర్రకీ ఎక్కితే సగం గొడవలు ముందే తప్పుతాయి. ఎందుకంటే మనవాళ్ళకి కట్టడం బాగా వచ్చు. గుళ్ళు కట్టాం, కళ్యాణమండపాలు కట్టాం, స్కూలు గదులు కట్టించి గోడ మీద తాతగారి పేరు చెక్కించాం. కానీ లేవలేని ఒక మామ్మగారిని రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి నడిపించుకెళ్ళే మనిషికి ఏళ్ళ తరబడి నెలనెలా జీతం ఇవ్వడం మన ఊళ్ళకి కొత్త పని. అందుకే ఈ మార్గదర్శిలో సిమెంటు గురించి తక్కువ, ఆ మనిషి జీతం గురించి ఎక్కువ ఉంటుంది.

నేను మాట్లాడేది 24 మంది ఉండే హోమ్ గురించి. మండల కేంద్రంలోనో ఓ పెద్ద గ్రామంలోనో, ఊళ్ళో ఉన్నవాళ్ళూ, ఊరొదిలి హైదరాబాద్, బెంగళూరు, డాలస్ వెళ్ళినవాళ్ళూ కలిసి నడిపేది. ఇది ఆస్పత్రి కాదు, ఉత్త తిండీ మంచమూ ఇచ్చే ఆశ్రమమూ కాదు. స్నానానికి, బట్టలకి, మందులకి, మంచం మీంచి లేవడానికి ఒక చెయ్యి కావాల్సినవాళ్ళ కోసం.

ముందు ఇంటింటికీ తిరగండి

ప్లాను గీయించకముందే నోటు పుస్తకం పట్టుకుని తిరగాలి. 60 దాటినవాళ్ళు ఎంతమంది, 75 దాటినవాళ్ళు ఎంతమంది, ఒంటరిగా ఉన్నవాళ్ళెవరు, భార్యాభర్తల్లో ఒకరు మంచాన పడితే ఇంకొకరు చేస్తున్న ఇళ్ళెన్ని. "హోమ్ పెడితే చేరతారా" అని మాత్రం అడక్కండి. "మా అబ్బాయి బంగారం, నాకేం ఖర్మ" అన్న జవాబు తప్ప ఇంకోటి రాదు, పైగా మర్నాటికల్లా ఫలానావాళ్ళని పిల్లలు వదిలేస్తున్నారట అని ఊరంతా పాకుతుంది. పనుల గురించి అడగండి. నిన్న స్నానానికి నీళ్ళు ఎవరు తోడారు, రాత్రి కాలు జారితే ఎవర్ని కేకేస్తారు, బీపీ మాత్రలు అయిపోతే ఎవరు తెస్తారు.

దీనికి ప్రపంచమంతా వాడే ఒక తేలికైన కొలత ఉంది, 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ డాక్టర్, ఆయన బృందం ఇచ్చింది. ఆరు పనులు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్ళడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మల మూత్రాలు ఆపుకోగలగడం, చేత్తో తినడం. ఆరూ సొంతంగా చేసుకోగలిగితే ఆ మనిషికి హోమ్ అక్కర్లేదు, పగటిపూట కూర్చునే చోటు, మధ్యాహ్నం ఒక క్యారేజీ చాలు. రెండు మూడు పనులకి తోడు కావాలంటే మన హోమ్ వాళ్ళ కోసమే. ఆరింటికీ కావాలి, ముక్కులో గొట్టం కూడా ఉంది అంటే అది నర్సింగ్ పని, మొదటి రెండేళ్ళు ఆ జోలికి పోకపోవడమే మంచిది.

తర్వాత పిల్లలకి ఫోన్లు. ఇది వేరే రోజు, వేరే మనిషి చెయ్యాలి. నెలకి ఎంత ఇవ్వగలరో అంకె చెప్పమనండి, మెసేజ్ రూపంలో తీసుకోండి. "చూద్దాం అన్నయ్యా" అనే జవాబుని సున్నా కింద రాసుకోండి.

ఇదంతా అయ్యాక నిజంగా అవసరమున్న పేర్లు తొమ్మిదే తేలాయనుకోండి, కట్టడం ఆపండి. అసలు నా సలహా, ఎన్ని పేర్లు తేలినా సరే, ముందు బస్టాండుకి దగ్గర్లో ఒక పెద్ద ఇల్లు అద్దెకి తీసుకుని ఎనిమిది మందితో ఒక ఏడాది నడపండి. కొడుకులు అమెరికాలో స్థిరపడి తాళం వేసి ఉన్న డాబాలు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఊరికొకటైనా దొరుకుతాయి. ఆ ఏడాదిలో కమిటీలో ఎవరు పనిచేస్తారో ఎవరు ఫొటోలకి వస్తారో తెలిసిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది, విరాళాల దగ్గర దాన్ని చెప్తాను.

సంస్థ

సొసైటీయా, ట్రస్టా అన్న చర్చ మీద నెలలు పోగొట్టకండి. ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ సొసైటీ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద వస్తుంది, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, జనరల్ బాడీ, ఎన్నికలు, ఏటా రిజిస్ట్రార్‌కి సభ్యుల జాబితా, లెక్కలు ఇవ్వాలి. ట్రస్టు అయితే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ రిజిస్టర్ చేస్తే అయిపోతుంది, నడపడం తేలిక, కానీ ట్రస్టీలు నలుగురూ ఒకే ఇంటివాళ్ళైతే పదేళ్ళకి అది వాళ్ళ ఆస్తిలా తయారవుతుంది. ఊరంతా డబ్బు పెడుతున్నప్పుడు సొసైటీయే నాకు నచ్చుతుంది. ఎన్నికల్లో రాజకీయం దూరుతుందన్న భయం నిజమే, దానికి మందు బైలాస్‌లో, అంటే సొసైటీ నియమావళిలో ఉంది.

బైలాస్ పక్క ఊరి సంఘం నుంచి తెచ్చి పేరు మార్చి పెట్టేస్తారు చాలామంది. అలా చెయ్యకుండా ఈ నాలుగు మాత్రం కూర్చుని రాసుకోండి. పదవిలో ఉన్నవాళ్ళు వరసగా రెండు టర్ములకి మించి ఉండకూడదు. కమిటీవాళ్ళ బంధువులకి కాంట్రాక్టు గానీ ఉద్యోగం గానీ ఇవ్వకూడదు. కులం, మతం చూసి ఎవర్నీ కాదనకూడదు, వంటింట్లో పనిచేసేవాళ్ళ విషయంలో కూడా. స్థలం ఇచ్చిన దాతకి గోడ మీద పేరు ఉంటుంది కానీ అడ్మిషన్లలో మాట ఉండదు. మూడోది రాసేటప్పుడు గది కొంచెం నిశ్శబ్దం అవుతుంది. అయినా రాయండి, రాయకపోతే మొదటి డైనింగ్ హాల్ గొడవ దానిమీదే వస్తుంది.

రిజిస్ట్రేషన్ అయిన వెంటనే పాన్, బ్యాంకు ఖాతా, ఆపైన ఆదాయపు పన్ను శాఖలో ధార్మిక సంస్థగా రిజిస్ట్రేషన్, దాతలకి పన్ను మినహాయింపు కోసం ఇంకోటి. ఇన్నాళ్ళూ అందరూ 12ఏబీ, 80జీ అంటున్నవి ఇవే. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు, దాంట్లో సెక్షన్ నంబర్లు వేరు, పాత ఫారాలు పట్టుకుని తిరగకుండా ఆడిటర్‌ని అడగండి. మొదటి రోజు నుంచే ఆడిటర్ ఉండాలి, ఆయన కమిటీ సభ్యుడు కాకూడదు.

లెక్క వెయ్యండి, అదీ నెల లెక్క

కింద వేసింది నమూనా. మీ ఊళ్ళో జీతాలు, ధరలు పెట్టి మళ్ళీ వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

24 మందికి గదులు, బాత్రూములు, వంటిల్లు, హాలు, నడవాలు అన్నీ కలిపి మనిషికి 350 చదరపు అడుగులు అనుకుంటే 8,400. అడుగుకి 2,000 రూపాయలు అనుకుంటే కట్టుబడికి 1 కోటి 68 లక్షలు.

ఇప్పుడు నడపడం. ఉదయం షిఫ్టులో నలుగురు కేర్‌టేకర్లు, సాయంత్రం ముగ్గురు, రాత్రి ఇద్దరు. రోజుకి 9 డ్యూటీలు, వారానికి 63. ఒక మనిషి వారానికి ఆరు డ్యూటీలే చేస్తాడు, కాబట్టి పదిన్నర మంది, సెలవులూ జ్వరాలూ పండగలూ కలిపితే 12 మంది. తొమ్మిది మంది చాలనుకుని బడ్జెట్ వేసుకున్న చోట నెల తిరక్కుండానే ఒకే అమ్మాయి పదహారు గంటలు చేస్తుంటుంది, మూడో నెలకి మానేస్తుంది. అలాగే రోజంతా ఒక నర్సు ఉండాలంటే నలుగురు నర్సులు కావాలి, ఒక్కరు కాదు.

కేర్‌టేకర్లు 12 మందికి 14,000 చొప్పున 1,68,000. నర్సులు నలుగురికి 20,000 చొప్పున 80,000. వంటమనిషి, ఇద్దరు సహాయకులకి 45,000. శుభ్రం, బట్టలుతికేవాళ్ళు ముగ్గురికి 36,000. మేనేజర్‌కి 30,000. వాచ్‌మెన్ ఇద్దరికి 24,000. మొత్తం జీతాలు 3,83,000. సిబ్బంది పది మందికి చేరితే ఈఎస్ఐ, ఇరవైకి చేరితే పీఎఫ్ కట్టాలి, మన లెక్కలో 25 మంది ఉన్నారు కాబట్టి దానికో 55,000 పక్కన పెట్టండి. భోజనం రోజుకి మనిషికి 150 చొప్పున 1,08,000. కరెంటు, గ్యాసు, జనరేటర్ డీజిల్, డైపర్లు, గ్లౌజులు, వచ్చిపోయే డాక్టర్, చిన్న రిపేర్లు 75,000. అన్నీ కలిపితే నెలకి 6,21,000. మనిషికి దాదాపు 25,900.

అంటే 27 నెలలు నడిపేసరికి భవనం కట్టినంత ఖర్చు మళ్ళీ అయిపోతుంది. ఈ వాక్యాన్ని మీటింగులో గట్టిగా చదవండి, చదివాక ఎవరూ మాట్లాడకపోతే కంగారు పడకండి, అది మంచి మీటింగే.

ఇక ఫీజు. పన్ను శాఖలో రిజిస్టరైన ధార్మిక సంస్థ 60 దాటినవాళ్ళకి నడిపే హోమ్‌లో నెలకి మనిషికి 25,000 దాకా తీసుకునే డబ్బు మీద జీఎస్టీ లేదు, తిండీ బసా సేవలన్నీ అందులోనే. అది దాటితే మినహాయింపు పోతుంది. కాబట్టి పూర్తి ఫీజు 25,000 అనుకుందాం. 14 మంది పూర్తిగా ఇస్తే 3,50,000, ఆరుగురు 15,000 చొప్పున ఇస్తే 90,000, నలుగురు ఎవరూ లేనివాళ్ళు, ఉచితం. వచ్చేది 4,40,000. తగ్గేది నెలకి 1,81,000, ఏడాదికి 21 లక్షల 72 వేలు. ఈ లోటుని ఆరున్నర శాతం వడ్డీతో పూడ్చాలంటే మూడు కోట్ల ముప్ఫై లక్షల పైచిలుకు కార్పస్, అంటే అసలు ముట్టుకోకుండా వడ్డీ మాత్రమే వాడుకునే నిధి, కావాలి. అది కష్టం. అదే ఊరి నుంచి వెళ్ళినవాళ్ళు 181 మంది నెలకి వెయ్యి రూపాయలు ఆటో డెబిట్ పెడితే సరిపోతుంది. పెద్ద దాత కోసం తిరగడం మానేసి ఈ 181 మందిని పోగెయ్యడం మీద కూర్చోండి. పదో తరగతి బ్యాచ్‌ల వారీగా గ్రూపులు ఉంటాయి కదా, బ్యాచ్‌కి పది మంది చొప్పున అడగండి.

ఇంకోటి, ఆరు నెలల ఖర్చు, అంటే 37 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడకుండా శంకుస్థాపన చెయ్యకండి. మొదటి ఏడాది మంచాలు సగమే నిండుతాయి. మనుషులు సగమైనా రాత్రి డ్యూటీ నర్సు సగం కాదు.

విరాళాలు ఎక్కణ్ణించి, ఎలా

భవనానికి అడగడం తేలిక. గదికి ఒక పేరు, హాలుకి ఒక పేరు. అయితే గది స్పాన్సర్ చేసేవాళ్ళ దగ్గర కట్టుబడి ఖర్చుతో పాటు ఆ గది అయిదేళ్ళ నిర్వహణలో కొంత భాగం కూడా కలిపి అడగండి, శిలాఫలకం ఉత్సాహం ఉన్నప్పుడే అది సాధ్యం. కార్పస్ కోసం ఇచ్చే డబ్బుకి "ఇది కార్పస్‌కి" అని దాత రాతపూర్వకంగా ఇవ్వాలి. నగదు 2,000 దాటితే దాతకి పన్ను మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకి ఎలా ఇచ్చినా రాదు. ఈ మాట ముందే చెప్పేయండి, మార్చిలో ఫోన్లు తగ్గుతాయి.

విదేశాల్లో ఉన్నవాళ్ళ డబ్బు దగ్గర చాలా కమిటీలు తెలియక ఇరుక్కుంటాయి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, మామూలుగా తీసుకోవచ్చు. కానీ అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరబ్బాయి, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మన సంతతివాళ్ళకి ఇచ్చేది) ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. అమెరికాలోని తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల నుంచి వచ్చినా అంతే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, తీసుకున్నదాన్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. రిజిస్ట్రేషన్ రావాలంటే సంస్థకి మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో అసలు పని మీద 15 లక్షల ఖర్చు చూపాలి. అద్దె ఇంట్లో ముందు నడపమని అందుకే అన్నాను, ఆ గడియారం అక్కడే మొదలవుతుంది. లేదంటే ఒక దాత నుంచి ఒక నిర్దిష్ట మొత్తానికి ముందస్తు అనుమతి అడగొచ్చు. "బావమరిది ఖాతాకి పంపి అక్కణ్ణించి సొసైటీకి మారుద్దాం" అనే తెలివి ఎవరైనా చెప్తే అక్కడే ఆపేయండి, అది ఒకరి ఇంటిమీదకి కాదు, సంస్థ మొత్తం మీదకి వస్తుంది.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బుకి వృద్ధుల హోమ్ అర్హమే, కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో పేరుపెట్టి రాశారు. బయటి సంస్థకి ఇవ్వాలంటే దానికి మూడేళ్ళ రికార్డు, సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు కావాలి. కేంద్రం అటల్ వయో అభ్యుదయ యోజన కింద నిరుపేద వృద్ధులు పాతిక మందికి నడిపే హోమ్‌లకి గ్రాంటు ఇస్తుంది. నడిచిన చరిత్ర ఉన్నవాళ్ళకే అది. వస్తే సంతోషం, బడ్జెట్‌లో మాత్రం వెయ్యకండి, ఆలస్యంగా వచ్చే డబ్బు మీద జీతాలు పెట్టుకోకూడదు.

స్థలం

దాత ఇచ్చే స్థలం సాధారణంగా ఊరి చివర, శ్మశానానికో చెరువుకో పక్కన ఉంటుంది. ఫ్రీగా వస్తోంది కదా అని ఎగబడకండి. పెద్దవాళ్ళకి ప్రశాంతత కావాలని మనం అనుకుంటాం, వాళ్ళకి మాత్రం బజారు కనబడాలి, గుడి గంటో చర్చి పాటో అజానో వినపడాలి, పాలబ్బాయి పలకరించాలి. అన్నిటికంటే ముఖ్యం, 108 బండి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిప్పుకోగలగాలి, రోడ్డు అంత వెడల్పు ఉండాలి. కేర్‌టేకర్ అమ్మాయి రాత్రి పదింటికి డ్యూటీ దిగి ఇంటికెళ్ళడానికి వీధిలైట్లున్న దారి ఉండాలి, లేకపోతే మనుషులే దొరకరు.

కాగితాలు: ముప్ఫై ఏళ్ళ ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల చిట్టా), లింకు డాక్యుమెంట్లు, అడంగల్ లేదా పహాణీ, రిజిస్ట్రేషన్లు ఆపేసిన 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందో లేదో. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకి ఇచ్చింది) అయితే దాత ఎంత మంచివాడైనా వద్దు, 1977 చట్టం ప్రకారం ఆ బదిలీ సాధారణంగా చెల్లదు. గిఫ్ట్ డీడ్ సొసైటీ పేరు మీద రిజిస్టర్ కావాలి, ఫలానా పని చెయ్యకపోతే స్థలం వెనక్కి అన్న షరతు పెడితే అది చదివి అర్థం చేసుకుని ఒప్పుకోండి. వ్యవసాయ భూమి మార్పిడి నిబంధనలు రెండు రాష్ట్రాల్లోనూ ఒకేలా లేవు, మారుతున్నాయి కూడా, తహసీల్దార్ ఆఫీసులో ఆ రోజుకి ఏముందో కనుక్కోండి.

ప్లాను గీయించేటప్పుడు

ఇంజనీరు ఇల్లు కట్టినట్టో లాడ్జి కట్టినట్టో గీసుకొస్తాడు. ఆయనకి రెండు మాటలు చెప్పండి. ఒకటి, జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016లో వృద్ధుల హోమ్‌లు ఇన్‌స్టిట్యూషనల్ వర్గంలోకి వస్తాయి, మామూలు ఇల్లు కాదు, ఫైర్ నిబంధనలు దాని ప్రకారమే. రెండు, కేంద్రం 2021లో ఇచ్చిన అందరికీ అందుబాటు ప్రమాణాలు తెరిచి పెట్టుకుని గీయమనండి.

కుదిరితే మొత్తం కింది అంతస్తులోనే. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు: పునాది రెండడుగుల ఎత్తు లేపితే ర్యాంపు 24 అడుగులు ఉండాలి, మధ్యలో చదునుగా ఆగే చోటు, రెండువైపులా కమ్మీలు. చాలాచోట్ల ఆరడుగుల్లో ర్యాంపు పోసేస్తారు, అది స్కూటర్లకి. తలుపులు మూడడుగుల వెడల్పు తగ్గకూడదు. చక్రాల కుర్చీ గుండ్రంగా తిరగడానికి గదిలోనూ బాత్రూమ్‌లోనూ అయిదడుగుల ఖాళీ ఉండాలి.

గడపలు తీసేయండి. గడప లేని ఇల్లేంటని మేస్త్రీ, వాస్తు సిద్ధాంతి, ఇద్దరు కమిటీ సభ్యులు కలిసి వస్తారు. సింహద్వారం దగ్గర నేలకి సమంగా రాయి పరిచి దానికి పసుపు రాసి బొట్టు పెట్టుకుందాం, లోపల ఎక్కడా అరంగుళం ఎత్తు కూడా వద్దని చెప్పండి. ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి. పాదం ఎత్తలేక ఈడ్చుకుంటూ నడిచే మనిషికి గడపంటే విరిగిన తుంటి ఎముకే.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ బాత్రూమ్ మీద పెట్టండి. తలుపు బయటికి తెరుచుకోవాలి లేదా పక్కకి జరగాలి, లోపల పడిపోయిన మనిషి తలుపుకి అడ్డం పడితే లోపలికి తోసే తలుపు రాదు. గడియ బయట నుంచి కూడా తియ్యగలిగేది. కమోడ్ సీటు 18 అంగుళాల ఎత్తు, పక్కన గోడకి గట్టి కమ్మీ, టవల్ రాడ్ కాదు, ఎందుకంటే మనిషి బరువంతా దానిమీద వేసి లేస్తారు. కూర్చుని స్నానం చేసే బల్ల, చేత్తో పట్టుకునే షవర్, జారని టైల్స్, కమోడ్ రంగుకీ నేల రంగుకీ తేడా, లేకపోతే చూపు మందగించినవాళ్ళకి కనపడదు. పిలుపు గంట తాడు నేలదాకా వేలాడాలి, పడినవాళ్ళు అందుకునేట్టు. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపాలు.

ఎండ సంగతి మర్చిపోవద్దు. రెంటచింతల, రామగుండం వైపు మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, వయసు మీదపడ్డ ఒళ్ళు ఆ వేడిని తట్టుకోలేదు. శ్లాబు మీద తెల్ల పూత, పడమటి గోడకి నీడ, దోమల జాలీలున్న పెద్ద కిటికీలు, ఒక్క హాల్లో అయినా ఏసీ. కోస్తాలో అయితే తుఫాను రోజులకి జనరేటర్, రెండు రోజుల నీళ్ళు నిలవ ఉండే ట్యాంకు. వీధివైపు వరండా వెడల్పుగా పెట్టండి, సగం రోజు అందరూ అక్కడే ఉంటారు.

గదులు ఇద్దరికి ఒకటి. భార్యాభర్తలకి రెండు గదులు విడిగా ఉంచండి. పది మందికి ఒక హాలు పెడితే చౌకే, కానీ పూర్తి ఫీజు ఇచ్చేవాళ్ళు రారు, వాళ్ళు రాకపోతే పై లెక్క మొత్తం కూలిపోతుంది.

కట్టుబడి

కనీసం మూడు కొటేషన్లు, పని వివరాలన్నీ రాసిన ఒకే షీటు మీద. లేబర్ కాంట్రాక్టు ఇచ్చి సిమెంటు, ఇసుక మనం కొనడం చౌక అనిపిస్తుంది, కానీ రోజూ సైటు మీద నిలబడే రిటైర్డ్ మనిషి ఉంటేనే. డబ్బు దశలవారీగా, పునాది, శ్లాబు, గోడలు, ఫినిషింగ్, ప్రతి బిల్లులో అయిదు శాతం ఆపి ఒక వానాకాలం గడిచాక ఇవ్వండి. శ్లాబు కారుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది. ఒకేసారి 24 మందికి కట్టకుండా 12 మందికి ఒక విభాగం పూర్తిచేసి, రెండోదానికి పునాదులు వేసి ఆపితే ఇంకా మంచిది. పర్మిషన్ మాత్రం మొత్తానికీ ఒకేసారి తీసుకోండి.

అడ్మిషన్ కాగితాలు

ఇవి పెయింటింగ్ జరుగుతున్నప్పుడే రాసుకోవాలి. ఎవర్ని తీసుకుంటాం, ఎవర్ని తీసుకోలేం, ఒంట్లో బాగోక మన చేతులు దాటిపోతే ఎక్కడికి పంపుతాం, ఎన్ని రోజుల నోటీసు ఇస్తాం, ఫీజు ఆగిపోతే ఏం చేస్తాం, ఏటా ఫీజు ఎంత శాతం పెరుగుతుంది. సంతకం పెద్దవాళ్ళది ముందు, పిల్లలది తర్వాత. వాళ్ళకి ఇష్టం లేకుండా తీసుకొచ్చి దింపిపోతే చేర్చుకోకండి.

ఆస్తి రాయించుకుని చేర్చుకునే పద్ధతి వద్దు, ఎంత ఒత్తిడి వచ్చినా. ఏటీఎం కార్డు సిబ్బంది చేతికి వెళ్ళకూడదు. పింఛను వాళ్ళ డబ్బు, వాళ్ళ చేతికే. పిల్లలకి ఆస్తి రాసిచ్చి రోడ్డున పడ్డవాళ్ళు వస్తే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉందని చెప్పండి, చూసుకుంటామన్న షరతుతో రాయించుకుని చూడకపోతే 23వ సెక్షన్ కింద ఆ రాతని రద్దు చెయ్యమని ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి, హోమ్ మీద ఫిర్యాదుకి కూడా అదే వాడొచ్చని చెప్పి మరీ. 70 దాటినవాళ్ళందరికీ ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ కవరేజీ ఉంది, చేరిన వారంలోనే కార్డు చేయించండి.

చావు గురించి అడ్మిషన్ రోజే మాట్లాడాలి. ఇబ్బందిగానే ఉంటుంది. ఎవరికి ముందు ఫోన్ చెయ్యాలి, అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా ఉంచాలా, ఫ్రీజర్ బాక్సు ఖర్చు ఎవరిది, దహనమా ఖననమా, ఎవరూ రాకపోతే తలకొరివి ఎవరు పెట్టాలి. వెంటిలేటర్ దాకా వెళ్ళాలా వద్దా అన్న మాట వాళ్ళ నోటితోనే చెప్పించి, పిల్లల ముందు రాసుకోండి. అర్ధరాత్రి మేనేజర్ ఒక్కడే నిలబడి నిర్ణయించాల్సిన పరిస్థితి రాకూడదు.

మనుషులు, మొదటి నెలలు

చుట్టుపక్కల ఊళ్ళ నుంచే తీసుకోండి, ముప్ఫై అయిదు నుంచి యాభై మధ్య ఆడవాళ్ళు ఎక్కువకాలం ఉంటారు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ శిక్షణ ఉంటే మంచిదే, లేకపోతే ప్రారంభానికి రెండు నెలల ముందే జీతం మీద తీసుకుని దగ్గరి ఆస్పత్రిలో నేర్పించండి: తమ నడుం పట్టెయ్యకుండా మనిషిని మంచం మీంచి ఎలా లేపాలి, పుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి పక్కకి తిప్పాలి, మింగలేనివాళ్ళకి ముద్ద ఎలా పెట్టాలి. మగవాళ్ళకి స్నానం చేయించడానికి ఇద్దరు మగ కేర్‌టేకర్లు తప్పనిసరి. మందుల బీరువా తాళం నర్సు దగ్గరే, ఇచ్చిన ప్రతి మాత్రకీ రిజిస్టర్‌లో సంతకం.

ప్రారంభోత్సవానికి మంత్రిగారిని పిలవండి, తప్పులేదు, కానీ ఆ రోజు హోమ్‌లో ఎవరూ ఉండకూడదు. మంచాన ఉన్న మనిషికి పండు ఇస్తూ ఫొటో దిగే ఆచారం మొదట్లోనే ఆపకపోతే తర్వాత ప్రతి పుట్టినరోజుకీ ఒక గుంపు వస్తుంది. అన్నదానం చేస్తామనేవాళ్ళకి మెనూ మీరే ఇవ్వండి. షుగర్ ఉన్న 15 మందికి బూరెలు, పులిహోర వడ్డించి వెళ్ళిపోతే ఆ రాత్రి పాట్లు నర్సు పడుతుంది. అన్నానికి బదులు ఒక రాత్రి షిఫ్టు జీతం ఇవ్వమని అడగండి, రసీదు మీద అలాగే రాయండి.

మొదటి నెల ఆరుగురు, తర్వాత నెలకి ముగ్గురికి మించకుండా. ఒకేసారి నింపితే ఎవరికి ఏ మందో సిబ్బందికి ఎక్కదు. మతిమరుపు జబ్బు బాగా ముదిరి తిరుగుతూ వెళ్ళిపోయేవాళ్ళని మొదటి ఏడాది వద్దనండి, గేటుకీ మనుషులకీ ఇంకో ఏర్పాటు కావాలి దానికి. ప్రతి నెలా జమాఖర్చు, ఖాళీ మంచాల సంఖ్య, ఎన్నిసార్లు ఎవరు పడ్డారు, ఎంతమంది సిబ్బంది మానేశారు, ఈ నాలుగూ ఒక పేజీ మీద రాసి నెలకి వెయ్యి ఇస్తున్న 181 మందికీ పంపండి. ఖర్చు పెరిగిన నెల కూడా పంపండి, ఆ నెలే ముఖ్యంగా.